గాలి కబురు

మా మేనకోడలు పొద్దున లేవగానే కిటికీ తెరవదు, ఫోను తెరుస్తుంది. బయట గాలి ఎలా ఉందో అందులో చూసి, "మామా, ఇయ్యాల నూటముప్పై ఉంది. మూతికి రుమాలు కట్టుకొని పో" అంటుంది. నేను పాలసంచీ పట్టుకుని నవ్వుతూ బయటపడతాను. నాకు గాలి సంగతి చెప్పడానికి ముక్కు ఉంది. గల్లీ మలుపులో ఎవరో ఆకులూ ప్లాస్టిక్ సంచులూ కుప్పవేసి అంటిస్తే ఆ ముక్కే ముందు చెబుతుంది. చలికాలంలోనైతే ముక్కుతో కూడా పనిలేదు, కళ్ళకే కనిపిస్తుంది. గోదావరి ఒడ్డున పొగ పైకి లేవకుండా తెల్లటి దుప్పటిలా నేలబారున పరుచుకుని ఉంటుంది. రాత్రి నేల చల్లబడి, దాన్నానుకున్న గాలి బరువెక్కి కిందనే ఉండిపోతుందట. దాని పైన వెచ్చటి గాలి మూతపెట్టినట్టు కూర్చుంటుందట. అందుకని కింది పొగకు పైకి పోయే దారి ఉండదు. ఇది కూడా ఆ పిల్ల చెప్పిందే.

మా చిన్నప్పుడు గాలి కాలుష్యం అన్న మాటే వినలేదు. మీటర్‌గేజ్ రైల్లో నాందేడ్ నుంచి నిజామాబాద్ పోతుంటే కిటికీ దగ్గర కూర్చున్నవాడి కంట్లో బొగ్గు నలుసు పడేది. అమ్మ కొంగు ముడిచి, నోటితో ఊది వెచ్చజేసి, కంటికి అద్దేది. వైద్యం అంతే. బాసర వచ్చేసరికి అందరి ముఖాలూ మసిబారి ఉండేవి. అమ్మవారికి దండం పెట్టుకునే ముందు గోదావరిలో కడుక్కునేవాళ్ళం.

మేనకోడలు మా అక్క కూతురు. ధర్మాబాద్ పిల్ల. మా ఇంట్లో ఉండి విష్ణుపురిలోని స్వామీ రామానంద తీర్థ మరాఠ్వాడా విశ్వవిద్యాలయంలో పర్యావరణ శాస్త్రం చదువుతున్నది. 1948లో హైదరాబాద్ సంస్థానం విలీనమైన సెప్టెంబర్ 17వ తారీఖునే, 1994లో ఆ విశ్వవిద్యాలయం ఏర్పడింది. స్వామీజీ హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్‌కు నాయకుడు కనుక మరాఠీలకెంతో మనకూ అంతే. ఈ సంగతి మా పిల్లకు తెలుసుననుకోను. అడిగితే ఫోనులో చూసి చెబుతుంది.

చదువుకునే పిల్లలు ఫోనులో ఏం చూస్తారన్నది మాలాంటి పెద్దలకు పెద్ద ఫిర్యాదు. నేనూ ఆ ఫిర్యాదు చేసినవాణ్ణే. అయితే 2024 చలికాలంలో వాళ్ళ సారు ఒక పని అప్పజెప్పాడు. గాలి గురించి మీ తోటి విద్యార్థులకు తెలిసిన సంగతులు ఎక్కడినుంచి తెలిశాయో అడిగి రాయండి అని. ఈ పిల్ల హాస్టల్ ఆడపిల్లలను అడిగింది, ధర్మాబాద్ బండిలో రోజూ వచ్చిపోయే మగపిల్లలను అడిగింది. రాత్రి అన్నాలు తినేటప్పుడు అన్నీ నాకు చెప్పేది. ఎంతమంది ఏమన్నారన్న లెక్క నేనిక్కడ ఇవ్వను, అది వాళ్ళ సారుకు ఇచ్చే లెక్క. నాకు గుర్తున్న మాటలే రాస్తున్నాను.

పత్రిక పేరు ముందుగా చెప్పినవాళ్ళు లేరట. పత్రికలో వచ్చింది కూడా వాళ్ళకు ఫొటోగా మారి వాట్సాప్‌లోనే చేరుతుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో ఢిల్లీ. అందులో ఇండియా గేటు పొగలో మాయమైపోతుంది, వెనక విషాదంగా ఒక పాట. యూట్యూబ్‌లో హిందీ మాస్టారు, పరీక్షకు రెండు రోజుల ముందు. తరగతి గ్రూపులో మరాఠీ నోట్సు. ఇక అంకె చూపించే యాప్‌లు, అవి ఇంగ్లీషువి. "తెలుగుల?" అని అడిగాను. "తెలుగుల అవ్వ పంపుతది మామా, శుభోదయాలు" అని నవ్వింది.

2024 నవంబర్‌లో ఢిల్లీ అంకె 490 దాటిన రోజున రైల్లో ఉన్న పిల్లలందరి ఫోనుల్లోనూ ఆ అంకె ఉందట. కిన్వట్ దిక్కు కుర్రాడొకడు, "ఢిల్లీది దినాం చూస్త. మా ఊర్ల ఇటికె బట్టీలున్నయి, దానిదెవ్వరు పెట్టరు" అన్నాడట. పెట్టేవాళ్ళు లేరు గనక అది లేనట్టే లెక్క. వాడి ఊరి పొగకు ఇండియా గేటు లాంటి అందమైన అడ్డం ఏదీ లేదు కదా, ఏది మాయమైందని ఫొటో తీస్తారు!

ఒకరోజు లైబ్రరీ మెట్ల మీద ఇద్దరు ఆడపిల్లలకు కొట్లాట వచ్చిందట. పక్కపక్కనే కూర్చుని ఫోన్లు చూస్తున్నారు. ఒకదాంట్లో 98, ఆకుపచ్చ. రెండోదాంట్లో 153, ఎరుపు. పీల్చేది ఇద్దరూ ఒకే గాలి. నీ ఫోను అబద్ధమంటే నీదే అబద్ధమని. మా పిల్ల తీర్పు చెప్పిందట, రెండూ నిజమే అని. ఇది నాకు అర్థం కావడానికి రెండు రాత్రులు పట్టింది. అర్థమైనంతవరకు చెబుతాను.

మన దేశపు గాలి సూచీ 2015లో మొదలైంది. దుమ్ము, సన్నదుమ్ము, గంధకం పొగ, ఓజోన్, సీసం వగైరా మొత్తం ఎనిమిదింటిని కొలిచి, ఒక్కొక్కదానికి మార్కు వేసి, అన్నిటిలోకీ చెడ్డ మార్కును ఊరి మార్కుగా ప్రకటిస్తారు. 50 దాకా మంచిది, 100 దాకా సంతృప్తికరం, 200 దాకా ఒక మోస్తరు. 400 దాటితే తీవ్రం. ఘనపు మీటరు గాలిలో సన్నదుమ్ము 60 మైక్రోగ్రాములు ఉందనుకోండి, మన లెక్కలో అది 100, అంటే సంతృప్తికరం చివరి గీత. అదే దుమ్ముకు అమెరికావాళ్ళ సూచీ 150కి పైన వేసి ఎర్రరంగు పూస్తుంది. ఆ పిల్లల్లో ఒకరి యాప్ మన లెక్కది, రెండోది అమెరికా లెక్కది. ఒకే దూరాన్ని ఒకరు మైళ్ళలో, ఒకరు కిలోమీటర్లలో చెప్పి తగాదా పడ్డట్టు. మరి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఏమన్నదంటే, ఒక రోజుకు 15 మైక్రోగ్రాములు మించవద్దని. మనం సంతృప్తి పడే చోటికి అది నాలుగో వంతు.

ఇంకో సంగతి. మన సూచీలో సన్నదుమ్ము మార్కు ఇరవైనాలుగు గంటల సగటు. పొద్దున ఏడింటికి గల్లీలో లేచిన చెత్తపొగ రోజంతటి మీదా పరుచుకుని పలచబడిపోతుంది. అంకె మంచిగానే ఉంటుంది, ముక్కు మాత్రం మండుతుంది. దగ్గరలో యంత్రమే లేని ఊళ్ళకు కూడా కొన్ని యాప్‌లు అంకె చూపిస్తాయి. ఆ అంకె అక్కడ కొలిచింది కాదు. ఉపగ్రహానికి కనిపించిన మసకను బట్టీ, గాలివాటును బట్టీ కంప్యూటరు కట్టిన అంచనా. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వారి సమీర్ యాప్‌లో ధర్మాబాద్ పేరు వెతికితే దొరకదు. వేరే యాప్‌లో దొరుకుతుంది, పక్కన ఒక అంకెతో సహా. ఎక్కువమంది పిల్లలు ఆ తేడా చూడటం లేదని మా పిల్ల రాసుకుంది. చూసినవాళ్ళు కూడా ఉన్నారనుకోండి.

2019 జనవరిలో కేంద్ర ప్రభుత్వం జాతీయ శుద్ధవాయు కార్యక్రమం మొదలుపెట్టింది. గాలి ప్రమాణానికి అందని నగరాల జాబితా ఒకటి తయారైంది, తరువాత పెరిగి 131కి చేరింది. మా మరాఠ్వాడా నుంచి లాతూర్, జాల్నా, ఔరంగాబాద్ ఉన్నాయి. తెలంగాణ నుంచి హైదరాబాద్, నల్లగొండ, పటాన్‌చెరు. నాందేడ్ లేదు. జాబితాలో పేరు లేదంటే గాలి బాగుందని సంతోషించాలో, మనల్ని పట్టించుకునే డబ్బు రాదని చింతించాలో నాకు తెలియదు. పిల్లల గ్రూపులో మాత్రం 'మన నాందేడ్ పాసైంది' అని ఎవరో పెట్టారట. దానికి బొటనవేళ్ళు బోలెడు.

అలాగని ఈ ఫోను కబుర్లన్నీ పనికిమాలినవనను. 2008లో బీజింగ్‌లోని అమెరికా రాయబార కార్యాలయం మిద్దెమీద యంత్రం పెట్టి, గంటగంటకూ అంకెను ట్విట్టర్‌లో వేయడం మొదలుపెట్టింది. చైనాలో ట్విట్టర్ మూసేశాక కూడా ఆ అంకె ఒకరినుంచి ఒకరికి పాకుతూనే ఉంది. 2010 నవంబర్‌లో ఒకరోజు అది 500 దాటిపోతే, దాని మీద చదవడానికి యంత్రంలో మాట లేక, ఎవరో సరదాగా రాసిపెట్టిన 'పిచ్చెక్కేంత చెడ్డది' అన్న మాట బయటపడిందట. 2013 జనవరి నాటికి చైనా ప్రభుత్వమే 74 నగరాల సన్నదుమ్ము లెక్క ప్రకటించవలసి వచ్చింది. మన హైదరాబాద్ కాన్సులేట్‌లోనూ అటువంటి యంత్రం ఉండేది. 2025 మార్చిలో అమెరికావాళ్ళు ఆ అంకెలు పంచడం ఆపేశారు. ఒకరి మిద్దెమీది యంత్రం ఒకరి దయ. విశాఖలో 2020 మే 7 తెల్లవారుజామున ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి ఊరిమీద పడ్డప్పుడు, రోడ్డుమీద పడిపోయిన మనుషుల వీడియోలు మా చుట్టాల గ్రూపులోకి టీవీకన్నా ముందే వచ్చాయి. ఆ ఘోరంలో పన్నెండుమంది పోయారు. ఆ పొద్దు ఆ వీడియోలు గాలి కబురే, మామూలుగా మనం ఆ మాటకు చెప్పుకునే అర్థంలో మాత్రం కాదు.

మనవాళ్ళు గాలి కబురంటే ఆధారం లేని మాట అంటారు. ఆ రెండో రకం సంగతి ఇప్పుడు చెప్పాలి. చెప్పడం నాకు కష్టంగానే ఉంది.

2025 జనవరిలో ఒక సాయంత్రం మా పిల్ల యూనివర్సిటీ నుంచి వచ్చి చెప్పులు విప్పకుండా గడపలోనే నిలబడింది. దెగ్లూరు పిల్లనొకతెను ఆ రోజు అడిగిందట, గాలి గురించి నీకు ఎవరు చెబుతారని. ఆ పిల్ల, మా అవ్వ పంపింది ఉన్నదని, ఒక మాట రికార్డు వినిపించిందట. మా పిల్ల దాన్ని తన ఫోనులోకి తెచ్చుకుంది. నా ముందు పెట్టి నొక్కింది.

నా గొంతు.

పైన రెండు బాణాల గుర్తు, 'చాలాసార్లు పంపబడింది' అని. వాట్సాప్ వాళ్ళు 2018లో ఒక కబురును అయిదు చోట్లకు మించి ఒకేసారి పంపకుండా కట్టడి పెట్టారు. 2020లో ఈ రెండు బాణాల కబుర్లను ఒకసారికి ఒక్కచోటికే అన్నారు. ఆ కట్టళ్ళన్నీ దాటుకుని నా గొంతు ధర్మాబాద్ నుంచి బిలోలికి, బిలోలి నుంచి దెగ్లూరుకు చేరింది. ఎన్ని ఇళ్ళలో మోగిందో.

జరిగింది ఇది. మా అక్క ధర్మాబాద్‌లో ఏళ్ళ తరబడి మిర్చి గోదాముల్లో పనిచేసింది. ధర్మాబాద్ మిర్చికి పేరున్న ఊరని మీకు తెలిసే ఉంటుంది. కాలం వచ్చిందంటే ఆడవాళ్ళు వరుసగా కూర్చుని తొడిమలు తీస్తారు, తాలు వేరుచేస్తారు. కూలి కిలో లెక్కన. గోదాములో ఎర్రటి దుమ్ము ఎండలో మెరుస్తూ తేలుతుంటుంది. ముక్కుకు కొంగు అడ్డం. కొత్తలో తుమ్ములు, తరువాత దగ్గు, ఆ తరువాత అలవాటు. అలవాటైందని అనుకుంటాం, అంతే. ఇంటికొస్తే కట్టెలపొయ్యి. గ్యాసు వచ్చినా రొట్టెలకు కట్టెలపొయ్యే కావాలంటుంది. యాభై దాటాక అక్కకు దమ్ము పట్టుకుంది. నాందేడ్‌లో డాక్టరుకు చూపిస్తే రోజూ పొద్దునా రాత్రీ పీల్చమని పంపు ఇచ్చాడు. దాంతో కుదుటపడింది.

2024 ఫిబ్రవరిలో నాకొక సందేశం వచ్చింది. తెలుగులో. పంపు అలవాటైతే గుండె బలహీనమవుతుందనీ, తులసి, మిరియాలు, పాతబెల్లం కలిపి ఉదయం పరగడుపున తీసుకుంటే ఊపిరితిత్తుల్లో పేరుకున్న దుమ్మంతా నెలలో బయటికి వస్తుందనీ. కింద ఒక పెద్ద డాక్టరు పేరు. ఆ డాక్టరు ఉన్నాడా లేడా నేను చూడలేదు. ఎందుకు చూడలేదో తరువాత చాలా ఆలోచించాను. ఈ ఊళ్ళో బోర్డు చూస్తే మరాఠీ, గురుద్వారా దిక్కు పోతే పంజాబీ, ఇత్వారాలో ఉర్దూ. ఫోనులో గాలి గురించి, రోగం గురించి వచ్చే మంచి మాటలన్నీ ఇంగ్లీషులోనో హిందీలోనో. నిజామాబాద్‌లో రైల్వే నౌకరీ చేసిన రోజుల్లో నేర్చుకున్న తెలుగక్షరాలు కంటికి కనబడితే నాకు చుట్టం ఇంటికొచ్చినట్టుంటుంది. వచ్చినవాణ్ణి నీదే ఊరని అడగకుండా పీట వేశాను. నిజం నాలుగు భాషల్లో ఉంది, అబద్ధం మాత్రం చక్కటి తెలుగులో, పొల్లు పోకుండా వచ్చింది.

అక్కకు తెలుగు చదవడం రాదు. మరాఠీ బడిలో నాలుగో తరగతి వరకు చదివింది. మాట్లాడేది తెలుగు, సంతకం మరాఠీలో. మన సరిహద్దు ఊళ్ళలో ఆ తరం ఆడవాళ్ళు చాలామంది అంతే. అందుకని నేను ఆ సందేశాన్ని స్వయంగా చదివి, గొంతు రికార్డు చేసి, చుట్టాల గ్రూపులో పెట్టాను. మనవాళ్ళకు అర్థం కావాలని మన యాసలోకి మార్చి మరీ చదివాను. చదివి, ఉపకారం చేసినవాడిలా తృప్తిగా పడుకున్నాను.

అక్క పంపును బియ్యం డబ్బాలో దాచింది. తమ్ముడు చెప్పిండు, అంతే. మొదటి వారం ఏమీ కాలేదు. ఆ మందు పని అటువంటిదట. మానగానే తెలియదు, గాలిగొట్టాలు లోపల మెల్లగా వాచుకుంటూ వస్తాయి. ఏమీ కాలేదు కనుక బెల్లం పనిచేసిందనుకుంది. మార్చి మొదట్లో మిర్చి బాగా దిగే రోజుల్లో, ఒక రాత్రి పదకొండింటికి బావ ఫోను చేశాడు. మాట ఆడలేకపోతున్నది, పెదవులు నల్లబడుతున్నాయి అని. జీపులో వేసుకుని నాందేడ్ తెచ్చేసరికి రెండు దాటింది. ఆసుపత్రి వరండాలో గోడకానుకుని మేం ముగ్గురం, బావా నేనూ ఈ పిల్లా. లోపల ఆక్సిజన్ పెట్టారు.

తెల్లవారుతుండగా పిల్ల తన తల్లి ఫోను తెరిచి చూసింది. కాసేపటికి నా దిక్కు తిరిగి, "మామా, దీన్ని నీకెవరు పంపిన్రు?" అని మెల్లగా అడిగింది. నేను చెప్పలేకపోయాను. ఎవరు పంపారో నిజంగానే గుర్తులేదు. ఆమె ఇంకేం అనలేదు. అక్క నాలుగు రోజులకు ఇంటికొచ్చింది, మళ్ళీ పంపు పీలుస్తున్నది. ఈ సంగతి మా ఇంట్లో మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. నేను ఆ రికార్డును నా ఫోనులో తుడిపేశాను. తుడిపేస్తే పోయిందనుకున్నాను, అంత తెలివి నాది. ఫోనులో కాలం పాడుచేస్తారని పిల్లలను తిట్టింది కూడా ఈ తెలివే.

అదే గొంతు దెగ్లూరు తిరిగి, హాస్టల్ చేరి, మళ్ళీ నా గడపలోకి వచ్చింది.

"నువ్వే చదివి పంపినవు గద మామా, తప్పని గూడ నువ్వే చెప్పాలె" అన్నది పిల్ల. ఆ రాత్రి ఇద్దరం కూర్చున్నాం. చెప్పవలసింది ఇంగ్లీషులో, మరాఠీలో ఆమె దగ్గర ఉంది. తెలుగులోకి వచ్చేసరికి ఆగిపోయింది. మరాఠీలో ధూళికణ్ అని రాసుకుంది. హైదరాబాద్ పత్రికల్లో సూక్ష్మ ధూళికణాలు అంటున్నారని ఫోనులో చూసి చెప్పింది. అక్కతో అలా అంటే ఏదో పూజ సామాను అనుకుంటుందన్నాను. మరేమందాం? దుబ్బ అంటే కాళ్ళకంటేది. దుమ్మంటే ఊడిస్తే లేచేది. మసి గిన్నెలకంటేది. రోకలితో దంచితే చివరికి మిగిలి, ఊదితే ఎగిరిపోయేది ఉందే, అది నుసి. "నుసి" అన్నాను. ఆ పిల్ల ఎప్పుడూ వినలేదట. రెండుసార్లు అనుకుని చూసుకుని, "ఇదే మామా, ఇదే" అన్నది. పీఎం రెండున్నర అని వాళ్ళు పుస్తకంలో చదివేది, వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు కూడా ఉండనిది, మా ఇంట్లో ఆ రాత్రి నుసి అయింది. భాషాశాస్త్రం తెలిసినవారు కోప్పడకండి.

మూడుసార్లు రికార్డు చేశాను. మొదటిసారి గొంతు వణికింది. రెండోసారి ఉపన్యాసంలా వచ్చిందని పిల్ల తుడిపేసింది. మూడోసారి పంపాం:

"అక్కా, అందరు వినుండ్రి. నేను నాందేడ్‌ల నుంచి మాట్లాడుతున్న. పోయినేడు నేను పంపు బంద్ చేయమని చదివి పంపిన, అది తప్పు. దానితోని మా అక్కనే దవాఖాన పాలైంది. పంపు అలవాటు గాదు, మందు. డాక్టరు చెప్పందే బంద్ చేయొద్దు. బెల్లం తింటె పొట్టలకు పోతది. గాలిల ఉండే నుసి ఊపిరితిత్తులకు పోతది. రెండిటి తొవ్వ వేరు. మిర్చి కాడ ముక్కుకు కొంగు ఒక్కటి సాలదు, నుసి దాంట్లకెల్లి దూరుతది, మంచి మాస్కు కావాలె. నా పాత మాట ఎవలకు పంపిన్రో వాళ్ళకే ఇది గూడ పంపుండ్రి."

మొదటిదానికి వచ్చినన్ని దండాలు దీనికి రాలేదు. ఒక చుట్టం మాత్రం, నాకు బెల్లంతోనే తగ్గిందని తిరిగి రాశాడు. ఇంకొకరు పండగ శుభాకాంక్షలు పెట్టారు, దాంతో నా మాట పైకి జరిగిపోయింది. దెగ్లూరు పిల్ల మటుకు వాళ్ళ అవ్వకు వినిపించిందట. ఆ అవ్వ కూడా పంపు మానేసిందేమో, మళ్ళీ మొదలుపెట్టిందేమో. నేను అడగమనలేదు, భయమేసింది.

అక్క రెండు రోజుల తరువాత జవాబు పంపింది. తిడుతుందనుకున్నాను. "అది సరె గాని, నాందేడ్ గాలి నంబర్ దినాం చెప్తవంట కదనే, మా దర్మాబాద్ గాలి నంబర్ ఎంతనే?" అని బిడ్డను అడిగింది.

పిల్ల చాలాసేపు ఆలోచించింది. యాప్‌లో ఉన్న అంచనా అంకె చెప్పడానికి మనసొప్పలేదు. "నంబర్ లేదమ్మా. నువ్వే చెప్పు, ఎట్లున్నది?" అని పంపింది.

అప్పటినుంచి అక్క పొద్దున్నే కబురు పంపుతున్నది. అరనిమిషం ఉంటుంది. గాలి ఏ దిక్కునుంచి కొడుతున్నది, మిర్చి ఘాటు ఉన్నదా లేదా, ఎవరి పొయ్యి ముట్టింది, ఎక్కడ చెత్త కాలబెట్టారు, తనకు మెట్లెక్కితే దమ్ము వచ్చిందా. పిల్ల వాటిని ఒక నోటుబుక్కులో తారీఖు, గంట వేసి రాస్తున్నది. పక్కన, అదే గంటకు ఫోను యాప్ ధర్మాబాద్‌కు చూపించిన అంకె. కొన్ని రోజులు రెండూ కలుస్తాయి. లారీలు దిగే రోజుల్లో కలవవు. అక్క గొంతు పూడుకుపోయి ఉంటుంది, అంకె మాత్రం ఆకుపచ్చగా ఉంటుంది. సారుకు చూపిస్తే, దీనికి కొలమానం లేదు, వ్యాసంలో చెల్లదు, చివర అనుబంధంగా పెట్టమన్నాడట. సరే, అనుబంధమే.

ధర్మాబాద్ పేరు తెలుగు పత్రికలకు ఎక్కేది బాబ్లీ గేట్ల పుణ్యమా అని. సుప్రీంకోర్టు 2013 తీర్పు ప్రకారం జూలై 1 నుంచి అక్టోబర్ 28 దాకా గేట్లు ఎత్తి ఉంచాలి. నీళ్ళకు గేట్లున్నాయి, లెక్కలున్నాయి, చూడవచ్చే అధికారులున్నారు. గాలి బాసర దాటి అటు పోయి ఇటు వస్తూనే ఉంటుంది. దాని పద్దు ప్రస్తుతానికి మా అక్క దగ్గర ఉంది.

నిన్న పొద్దున ఆమె కబురు రాలేదు. ఏడైంది, ఏడున్నరైంది. పిల్ల టీ తాగకుండా ఫోను ముందర పెట్టుకుని కూర్చుంది. నేను పాలకు పోలేదు. ఫోను చేద్దామంటే, ఉండు మామా అన్నది. ఎనిమిదింపావుకు వచ్చింది.

"రాత్రంత కరెంట్ లేకుండె బిడ్డా, ఫోన్ల చార్జింగ్ లేదు. గాలి తూర్పు దిక్కుకెల్లి వస్తున్నది. ఘాటు జర ఉన్నది. రాసుకో."